పల్లెపాటల నన్వేషించిన సెసిల్ షార్పు గారి జీవితము

పాఠశాలలో నేర్చిన పాట యొకటియు, ఇంటిలో విన్న పాట యొకటియు ప్రతి బాలునికిని ప్రతి బాలికకును గలవు. మొదటిది పుస్తకములో నుండును. దానిని వ్రాసినవారి పేరు తెలియును. దానికి పరీక్షయు గలదు. రెండవది అమ్మమ్మ నోట నుండును. ఆమె దానిని తన తల్లి నోట వినెను. ఆ తల్లి మఱియొకరి నోట వినెను. ఎవరు కట్టిరో యెవరికిని తెలియదు. ఆ ముసలామె కన్ను మూసిన పిమ్మట నా పాట యెక్కడ నుండును? ఈ ప్రశ్న పట్టుకొని యిరువది సంవత్సరములకు పైగా ఊరూరును దిరిగిన యొక సంగీతోపాధ్యాయుని చరిత్రము నీ సంచికలో మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును జెప్పదలచితిమి. ఆయన ఇంగ్లండు దేశీయుడు. ఆయన పేరు సెసిల్ జేమ్స్ షార్పు.

షార్పు 1859 వ సంవత్సరము నవంబరు 22 వ తేదీన లండను నగరపు దక్షిణ భాగమున జన్మించెను. ఆ దినము సంగీతమునకు రక్షకురాలని క్రైస్తవలోకమున పేరొందిన సెసీలియా భక్తురాలి పండుగదినము. అందువలననే సెసిల్ అను పేరు పెట్టబడెను. తండ్రి పలకరాళ్ళ వర్తకుడు, సంగీతప్రియుడు. బాలుడు అప్పింగ్‌హామ్ పాఠశాలలో జదివి, పిమ్మట కేంబ్రిడ్జిలోని క్లేరు కళాశాలలో గణితశాస్త్రము నభ్యసించి 1882 లో పట్టము పొందెను. ఆ సంవత్సరమే ఓడ యెక్కి ఆస్ట్రేలియాలోని అడిలైడు పట్టణమునకు బోయెను. అక్కడ మొదట బ్యాంకులో గుమాస్తాగా నుండెను. తరువాత ప్రధాన న్యాయాధిపతి యొద్ద సహాయోద్యోగము చేసెను. కాని తీరిక దొరకినపుడెల్ల ఆయన దేవాలయపు ఆర్గను నొద్దనో, గాయకబృందము నెదుటనో కనబడుచుండెను. 1889 లో కొలువు మాని సంగీత కళాశాలకు ఉమ్మడి యధ్యక్షులలో నొకడయ్యెను. 1892 లో స్వదేశమునకు మరలి, లడ్‌గ్రోవు అను బాలుర పాఠశాలలో సంగీతోపాధ్యాయుడుగా జేరెను. 1893 లో కాన్‌స్టన్సు బర్చి యను నామెను వివాహమాడెను. వారికి ముగ్గురు కుమార్తెలును ఒక కుమారుడును గలిగిరి. 1896 మొదలు హాంప్‌స్టెడ్డులోని సంగీత విద్యాలయమునకు గూడ ప్రధానాధ్యాపకు డాయెను.

నలువది యేండ్ల ప్రాయము వచ్చువఱకు ఆయన చరిత్రలో ఇంతకన్న విశేషము లేదు. ఉబ్బసముచే బాధపడుచు, చాలీచాలని జీతముతో సంసారము నడుపుకొనుచున్న యొక పాటల మాస్టరు, అంతియే. ఆ దినములలో ఇంగ్లండునకు స్వంత సంగీతము లేదని ఐరోపాలోని పండితులు ఎగతాళి చేయుచుండిరి. ఆ దేశపు సంగీత విద్యాలయములందును జర్మను సంగీతమే ముఖ్యముగా బోధింపబడుచుండెను. షార్పునకు తన పాఠశాలలోని పిల్లలకు నేర్పదగిన మంచి పాటలు కావలసి యుండెను. 1902 లో ఇండ్లకును బడులకును దగిన పాటల సంపుటము నొకదానిని ప్రకటించెను. ఆ పుస్తకములోని పాటలన్నియు ఇతర పుస్తకములనుండి యేరినవే. పాడువారి నోట తాను విన్నవి కావు.

అంతకు మూడేండ్లకు ముందే యొక సంగతి జరిగియుండెను. 1899 వ సంవత్సరము డిసెంబరు 26 వ తేదీ, క్రిస్మసు మఱునాడు. షార్పు భార్యాసమేతుడై ఆక్స్‌ఫర్డు చెంతనున్న హెడింగ్‌టనులో అత్తగారి యింట నుండెను. కిటికీలోనుండి చూడగా, తెల్లని దుస్తులు ధరించి, కాళ్ళకు గజ్జెల పటకాలు కట్టుకొని, చేత రుమాళ్లు పట్టుకొని కొందఱు మనుష్యులు ఇంటి ముంగిటికి వచ్చిరి. వారిలో నొకడు కాన్సర్టీనా వాయించెను. తక్కినవారు మోరిస్ అను ప్రాచీన గ్రామనృత్యము నాడిరి. ఆ నృత్యమునకు కాలము పెంతెకొస్తు పండుగవారము, క్రిస్మసు కాదు. అకాలమున వచ్చినందులకు వారే క్షమాపణ చెప్పుకొనిరి. వారు కూలిజనులు; కాన్సర్టీనా వాయించిన విలియం కింబరు తాపీపనివాడు. మంచు పడి పనులు నిలిచిపోయినందున నాలుగు డబ్బుల కొఱకు వచ్చిరి. షార్పు మఱునాడు కింబరును మరల పిలిపించి యైదు మట్టులు స్వరములతో వ్రాసికొనెను. వ్రాసికొని పెట్టెలో బెట్టెను. కొన్ని యేండ్లవఱకు వానితో నేమి చేయవలయునో ఆయనకు దోచలేదు.

ఇక్కడ న్యాయముగ జెప్పవలసిన మాట యొకటి గలదు. పల్లెపాటలను, పల్లెనృత్యములను మొట్టమొదట గనుగొన్నవాడు షార్పు కాడు. డెవను మండలములో బేరింగ్-గూల్డు అను పాదిరి ఆయనకంటె ముందే పాటలు పోగుచేసి ప్రకటించెను. లూసీ బ్రాడ్‌వుడ్డు దొరసానియు, ఫ్రాంకు కిడ్సనును ఆ పనిలో నుండిరి. జానపద గేయ సంఘము 1898 లోనే లండనులో స్థాపింపబడెను. హెడింగ్‌టను నర్తకుల బృందము 1887 ప్రాంతమున చెదరిపోగా, 1899 లో దానిని మరల గూర్చుటకు ప్రోత్సాహ మిచ్చినవాడు పెర్సీ మానింగు అను ఆక్స్‌ఫర్డు పండితుడు. షార్పు చేసిన దేమన, ఇతరులు వేడుకగా జేసిన పనిని తన జీవితముగా జేసికొనుట.

ఆ జీవితము 1903 వ సంవత్సరపు వేసవి కడపట మొదలయ్యెను. ఆస్ట్రేలియాలో ఆయనకు స్నేహితుడైన చార్లెస్ మార్సను అను పాదిరి అప్పటికి సోమర్సెట్టు మండలములోని హాంబ్రిడ్జి గ్రామమున గురుత్వము చేయుచుండెను. షార్పు ఆయనను జూడబోయెను. గురువుగారి తోటలో మాలి గడ్డి కోయుచు తనలో దాను పాడుకొనుచుండెను. ఆ మాలి పేరు జాన్ ఇంగ్లండు. ఇంగ్లండు దేశపు పాటను షార్పు మొట్టమొదట ఇంగ్లండు అను పేరుగల వాని నోటనే వినెననుట కథకుడు కల్పించిన మాటవలె దోచును, కాని యథార్థము. ఆ పాటకు ప్రేమబీజము లని పేరు. షార్పు వెంటనే మట్టును వ్రాసికొని, మాలిచేత మాటలు చెప్పించుకొని, ఆ రాత్రియే గాయకబృందపు విందులో పియానో సహకారముతో దానిని పాడించెను. తరతరములుగా తమ చెవులలో నున్న ఆ పాట కొత్త యలంకారముతో నెదుట నిలువగా గ్రామస్థులు విస్మితులై వినిరి.

ఆ తరువాత సెలవు దొరకిన ప్రతిసారియు షార్పు సోమర్సెట్టునకు బోయెను. కొంతదూరము రైలులో, కొంతదూరము సైకిలుమీద, తక్కినది కాలినడకను దిరిగెను. ఇక్కడ ఆయన పద్ధతిని కొంచెము వివరింపవలయును. ఇట్టి పని చేయదలచువారికి ఇదియే ముఖ్యము. పాటలు పాడువారెవరని యూరిలోని పెద్దల నడిగిన, మా యూర నట్టివారెవరును లేరని చెప్పుట పరిపాటి. పాదిరికి దెలియదు, భూస్వామికి దెలియదు, బడిపంతులుకు దెలియదు. ఆ పాటలు వారి సమక్షమున పాడబడవు. కావున షార్పు పొలములకు, పశువుల కొట్టములకు, బట్టలుతుకు చోట్లకు, పానశాలలకు, గతిలేని వృద్ధులుండు పేదల శాలలకు బోయెను. ఒక గాయకుని యొద్ద కూర్చుండి నాలుగు పాటలు వ్రాసికొనిన పిమ్మట, నీకీ పాటలు నేర్పినవారెవరు, నీతో గూడ పాడువారెవరు అని యడుగును. ఆ గాయకుడు పొరుగూరిలోని మేనత్త పేరు చెప్పును. ఆమె తన చిన్ననాటి చెలికత్తె పేరు చెప్పును. ఈ విధముగా నొకరి చేయి పట్టుకొని మఱియొకరి వాకిలికి బోయి, ఎవరికిని గనబడకుండ నున్న యొక గాయకకుటుంబము నాయన కనుగొనెను. ఒకే మండలములో సుమారు 350 మంది నుండి 1,500 లకు మించిన పాటలు వ్రాసికొనెను.

హాంబ్రిడ్జిలోనే లూయీ హూపరు, లూసీ వైటు అను సవతి యక్కచెల్లెండ్రుండిరి. ఇంటిపట్టున కుట్టుపని చేసికొని జీవించెడివారు. వారి తల్లి మంచి గాయని. ఆమె పాటలన్నియు కూతుండ్ర కంఠములలో నిలిచియుండెను. వీరిద్దఱును గలిసి నూటికి మించిన పాటలను షార్పునకు పాడి వినిపించిరి. లాంగ్‌పోర్టు పట్టణములో ఎమ్మా ఓవర్డు అను కూలివాని భార్య యుండెను. ఆమెకు చదువు రాదు. ఆమె యున్న వీధి మంచివారు పోదగినది కాదని చెప్పబడియుండెను. షార్పు వెదకికొని పోగా, ఆమె పానశాల యొద్ద చెలికత్తెలతో నిలువబడియుండెను. పాత పాటల కొఱకు వచ్చితినని ఆయన చెప్పగానే, ఆ ముసలామె సంతోషము పట్టజాలక, తన ప్రియుడు ఇన్నాళ్లకు వచ్చెనని పరిహాసముగ గేకవేసి, ఆ పెద్దమనుష్యుని నడుము పట్టుకొని నడివీధిలో గిరగిర త్రిప్పెను. షార్పు సిగ్గుపడి పారిపోలేదు. ఆమె నుండి లభించిన పాటలు ఆయన సేకరించినవాటిలో శ్రేష్ఠమైన వానిలో నెన్నదగినవి.

ఆ కాలముననే పెర్సీ గ్రెయింజరు అను యువగాయకుడు 1906 లో లింకన్‌షైరులో ఫోనోగ్రాఫు యంత్రమును వాడి పాటలు పట్టెను. షార్పునకు యంత్రమునందు మక్కువ తక్కువ. దాని నెదుట బెట్టిన పల్లెటూరివారు బెదరుదురని ఆయన యభిప్రాయము. ఆయన తన చెవిని, పెన్సిలును నమ్మెను. యంత్రము పట్టిన స్వరసూక్ష్మములను పెన్సిలు పట్టజాలదు గనుక, ఈ విషయమున గ్రెయింజరుదే పైచేయి యని మా యభిప్రాయము.

ఆయనకు పాటలు పాడినవారిలో పెక్కుమంది అరువది దాటినవారు. వారి కుమారులకు ఆ పాటలు రావు; వచ్చినను పాడరు. పట్టణపు నాటకశాలలలోని కొత్త పాటలు వారి కింపుగా నుండెను. తాతల పాటలు పాడిన నలుగురు నవ్వుదురని సిగ్గు. అందుచేత ముసలివారును పాడుట మానిరి. కొందఱు నలువది యేండ్లుగా నెవరియెదుటను పాడియెఱుగరు. షార్పు తలుపు తట్టినపుడు ఒక్కొక్కరి యింట పాట యుండెను గాని, పాటకు సభ లేదు. ఒకప్పుడు కలిసి పాడినవారు వేఱువేఱు కుటీరములలో ఒంటరిగా నుండిరి. పాటలు కాగితమున నెక్కినంతమాత్రమున నవి బ్రదికినట్లు కాదని ఆయనకు దెలియవచ్చెను. పాడు చిన్నవారు కావలయును. చిన్నవా రెక్కడ నుందురు? బడిలో నుందురు.

1904 మొదలు 1909 వఱకు సోమర్సెట్టు జానపద గేయములను ఐదు భాగములుగా ప్రకటించెను. మొదటి మూటికి మార్సను తోడ్పడెను. మోటుగా నుండిన మాటలను వారు మార్చి యచ్చువేయించిరి. అయినను విన్న మాటలను విన్నట్లే తన వ్రాతపుస్తకములలో నుంచుటచే వెనుకటివారికి అన్యాయము జరుగలేదు. 1906 లో బేరింగ్-గూల్డుతో గలసి పాఠశాలల కొఱకు గేయసంపుటమును గూర్చెను. ఆ దినములలోనే ప్రభుత్వ విద్యాశాఖవారు బడులలో జాతీయగేయములు నేర్పవలయునని సూచించిరి. షార్పు సంతోషింపక పత్రికలలో వాదమునకు దిగెను. ఆ పట్టికలో నున్నవి ముఖ్యముగా పండితులు కట్టిన పాటలు. అవి పల్లెపాటలు కావని ఆయన యాక్షేపణ. 1907 లో ఇంగ్లీషు జానపద గేయమును గూర్చి సిద్ధాంతగ్రంథ మొకటి వ్రాసెను. పాట నోటినుండి నోటికి తెగక సాగుచుండును. సాగుచు ప్రతి గాయకుని యొద్దను కొంచెము మాఱుచుండును. ఆ మార్పులలో సంఘమునకు రుచించినది నిలుచును, రుచింపనిది రాలిపోవును. కాబట్టి పాటను మొదట ఎవడు కట్టినను, కడపట అది సంఘము కట్టినదే. ఆయన సిద్ధాంతసారము ఇది. దీనిని ఇప్పటి పండితు లందఱును యథాతథముగా నంగీకరింపరు. పెక్కు పాటలు వీధులలో నమ్మిన అచ్చుకాగితములనుండి పల్లెలకు బోయినవని చూపిరి.

పల్లె యాటలను పట్టణపు బీదబాలికలకు నేర్పిన చరిత్ర యింకొకటి గలదు. లండనులో మేరీ నీలు అను ఆమె, దర్జీపని చేయు బీదబాలికల కొఱకు ఎస్పరెన్సు అను సమాజమును నడుపుచుండెను. 1905 లో ఆమె షార్పునొద్దకు వచ్చి, మా పిల్లలకు పల్లెపాటలు కావలయునని యడిగెను. పిమ్మట నృత్యములును గావలయుననెను. షార్పు కింబరు పేరు చెప్పెను. తాపీపని కింబరు తన బంధువుతో లండనునకు వచ్చి, పగలెల్ల సూదిపని చేసి డస్సిన ఆ బాలికలకు తన తాతల నృత్యమును నేర్పెను. వారు దానిని అతిశీఘ్రముగ నేర్చిరి. 1907 లో షార్పు ప్రకటించిన మోరిస్ పుస్తకపు మొదటి భాగము ఆ బాలికలకే యంకితము చేయబడెను. ఆ సమాజపు బాలికలే ఊళ్ళకు బోయి ఇతరులకు నేర్పసాగిరి.

ఈ స్నేహము నిలువలేదు. ఆట మొదటినుండి యెట్లుండెనో అట్లే అడుగు తప్పక యుండవలయునని షార్పు పట్టుదల. అందుకు శిక్షణ పొందిన యుపాధ్యాయులు కావలయుననెను. పల్లెవారే వచ్చి నేర్పవలయును, పిల్లలు ఆనందముతో ఆడుటయే ముఖ్యమని నీలు గారి మతము. ఇద్దఱును పత్రికలలో వాదించిరి. 1911 డిసెంబరులో షార్పు ఇంగ్లీషు జానపద నృత్య సంఘమును స్థాపించెను. నీలు గారి సమాజము యుద్ధకాలమున మూతపడెను. షార్పు గెలిచెనని చరిత్రకారులు వ్రాయుదురు. ఆయన సంఘము దేశమంతట వ్యాపించి, ఆ నృత్యములు నశింపకుండ నిలిపిన మాట నిజమే. కాని కింబరునకు నృత్యము నేర్పినది శిక్షణశాల కాదు గదా! ఈ తగవులో న్యాయము పూర్తిగా ఆయన పక్షమున నుండెనని మేము చెప్పజాలము. సహనము ఆయన గుణములలో ముఖ్యమైనది కాదు. 1906 నాటికి చిరకాల మిత్రుడైన మార్సనుతోను స్నేహము చెడెను. హాంప్‌స్టెడ్డు విద్యాలయమును 1905 లోనే విడిచెను. 1911 నుండి ప్రభుత్వమువారు సంవత్సరమునకు 100 పౌనుల భరణ మిచ్చిరి గాని, ఆయన కెన్నడును ధనసమృద్ధి లేదు.

1914 లో మహాయుద్ధము ప్రారంభమాయెను. నృత్యప్రదర్శనములలో ఆయన వెంట నాడిన యువకులు సేనలో జేరిరి. వారిలో జార్జి బటర్‌వర్తు, పెర్సివల్ లూకాసు, జార్జి విల్కిన్‌సను, రెజినాల్డు టిడ్డీ అను నలుగురు 1916 లో నెలల వ్యవధిలో నిహతులైరి. బటర్‌వర్తు మంచి సంగీతకర్త. తానును పల్లెపాటలు సేకరించినవాడు. ఆయన ఆగస్టు 5 వ తేదీన పడిపోయినపుడు షార్పు అమెరికాలోని కొండలలో నుండెను. తాను కట్టిన బృందములో సగము నేల గూలినదని అక్కడనే వినెను.

ఆ కొండల కాయన పోవుటకు కారణము ఒక స్త్రీ. అమెరికాలో నాటకమునకు సంగీతము కూర్చుటకును నృత్యము నేర్పుటకును ఆయన పోయియుండగా, 1915 లో ఆలివ్ డేమ్ క్యాంబెలు అను నామె, తాను అప్పలాచియను కొండలలో వ్రాసికొనిన పాటల కట్టను తెచ్చి చూపెను. ఆమె భర్త ఆ కొండజనుల క్షేమము కొఱకు పని చేయుచుండెను. షార్పు ఆ కాగితములు చూచి ఆశ్చర్యపడెను. నూఱేండ్లకు పైగా పూర్వము బ్రిటనునుండి వలస వచ్చిన జనుల సంతతివారు, బాటలు సరిగా లేని ఆ లోయలలో, ఇంగ్లండులో నశించిన పాటలను నోట నిలుపుకొనియుండిరి.

1916, 1917, 1918 సంవత్సరములలో మొత్తము 46 వారములు షార్పు ఆ కొండలలో దిరిగెను. తోడుగా మాడ్ కార్పెలెస్ అను నామె వచ్చెను. ఆయన మట్టును వ్రాయుచుండ ఆమె షార్టుహ్యాండులో మాటలు వ్రాయుచుండెను. షార్పునకు అప్పటికి ఏబదియాఱు దాటెను, ఉబ్బసము విడువలేదు, తఱచు జ్వరము. అయినను మైళ్ళకొలది నడచి, వాగులు దాటి, చెక్కయిండ్లకు బోయి, 281 మంది గాయకులనుండి 1,612 మట్టులు వ్రాసికొనెను.

సోమర్సెట్టులో దొరకనిది ఇచ్చట దొరకెను. ఇచ్చట ముసలివారు మాత్రమే గాక చిన్నవారును పాడుచుండిరి. పాడుట మాటలాడుటవలె సహజముగ నుండెను. ఒకామె యొక పాటను మఱచిపోయి, సాయంకాలము ఆవులను ఇంటికి దోలుకొని వచ్చుచున్నయెడల వెంటనే జ్ఞప్తికి వచ్చునని చెప్పెను. ఒక చిన్నవాడు పాటలు పాడుచున్న యింటిలోనికి మెల్లగా దూరగా, ఏల వచ్చితివని షార్పు ప్రశ్నించెను; తీయని సంగీత మెక్కడనున్న నక్కడికి బోవుట తనకు అలవాటని ఆ బాలుడు చెప్పెను. సభ లేని గాయకులను జూచి విచారించిన ఆయన, ఊరెల్ల సభయైన చోటును తుదకు కన్నులార జూచెను.

మన మిషను బడులవారు ప్రత్యేకముగ గమనింపదగిన విషయ మిక్కడ నున్నది. ఆ కొండలలో ప్రెస్బిటేరియను మిషనువారి బడులును, ఆసుపత్రులును ఉండెను. షార్పునకు మొట్టమొదట ఆతిథ్య మిచ్చినవారు ఆ మిషనరీలే. వారి సేవను ఆయన గౌరవించెను. అయినను ఆయనకు మనస్సున నొక బాధ కలిగెను. కొన్ని బడులలో జదివిన పిల్లలు తమ తల్లుల పాటలను జూచి సిగ్గుపడుచుండిరి. ఆ ప్రాచీన గాథలను కొండజనులు ప్రేమపాటలని పిలుచుటచే, పేరు విన్నంతనే కొందఱు బోధకులు వాటిని నిషేధించిరి. చదువురాని ఆ జనుల మర్యాదయు, మాటతీరును, పాటయు తామే యొక విద్య యనియు, దానిని తీసివేసి పుస్తకవిద్య పెట్టుట లాభముగాదనియు షార్పు తలంచెను. ఆయన చెప్పినదంతయు సరియని మేమనము. జ్వరము వచ్చిన పిల్లకు పాటతో పాటు వైద్యుడును గావలయును. అక్షరము రాని రైతు మోసపోవును. కాని కెంటకీ రాష్ట్రములోని పైన్ మౌంటెను బడిని 1917 లో జూచినపుడు ఆయన మిక్కిలి సంతోషించెను. అక్కడి బోధకురాండ్రు కొండపాటలను బడిలోనే ఆదరించిరి. ఆ చోటనే కొండజనుల వేగవంతమైన బృందనృత్య మొకటి చూచి దానినిగూడ వ్రాసికొనెను.

నార్తు కెరొలైనాలోని హాట్ స్ప్రింగ్సు గ్రామమున జేన్ జెంట్రీ అను గృహిణి యుండెను. కూడబెట్టిన ధనము లేదు, పిల్లలు తొమ్మండుగురు. తన పిల్లలకు అక్కడి మిషను బడిలో చదువు చెప్పింపవలయునని కొండ దిగి ఆ యూరికి వచ్చినది. ఆమె షార్పునకు అరువదికి పైగా పాటలు పాడెను. ఆ కొండలలో మఱి యెవరును అన్ని పాటలు పాడలేదు. బడియు గావలయును, పాటయు గావలయునని ఆమె వాదములేకయే నిర్ణయించుకొనినది. ఆమె కుమార్తె మాడ్ లాంగు ఉపాధ్యాయిని యయ్యెను. తల్లి పాటలను విడువక, 1940 ల కడపట అమెరికా జాతీయ గ్రంథాలయమువారి కొఱకు వాటిని పాడెను.

షార్పు లోపములను దాచుట జీవితచరిత్రకు ధర్మము గాదు. ఆ కొండల పరిసరములలో నీగ్రోజాతివారును బహుసంఖ్యాకులుగా నుండిరి. వారి సంగీతము గొప్పది. ఆయన తాను వెదకవచ్చిన ఇంగ్లీషు పాటలనే వెదకి, వారిని చాలవఱకు దాటిపోయెను. 1918 లో వర్జీనియాలో, పూర్వము బానిసగా నుండిన మరియా టోమ్సు అను వృద్ధురాలియొద్ద పాట వ్రాసికొనుటవంటివి అరుదు. పాటలను ప్రచురించు హక్కును, దానివలన వచ్చు ప్రతిఫలమును సేకరించినవారివే యయ్యెను గాని పాడినవారివి కావు. ఆయన గాయకుల పేళ్లను, ఊళ్లను జాగ్రత్తగా వ్రాసియుంచినందున, ఇప్పుడు వారి మనుమలును మునిమనుమలును ఆ పుస్తకములలో తమ పెద్దలను గుర్తింప గలుగుచున్నారు.

1923 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఆయనకు గౌరవ సంగీతపట్ట మిచ్చిరి. 1924 వ సంవత్సరము జూన్ 23 వ తేదీన హాంప్‌స్టెడ్డులో షార్పు కాలధర్మము నొందెను. ఆయన వ్రాసికొనిన మట్టులు మొత్తము 4,977. ఆ వ్రాతపుస్తకములు తాను జదివిన క్లేరు కళాశాలకు జేరెను. 1930 లో లండనులో ఆయన పేర సెసిల్ షార్పు భవనము తెఱువబడెను. 1932 లో గేయ సంఘమును, నృత్య సంఘమును ఏకమయ్యెను. 1933 లో వెలువడిన ఆయన జీవితచరిత్రమును మాడ్ కార్పెలెస్ సహాయముతో వ్రాసినవాడు ఫాక్సు స్ట్రాంగ్‌వేసు. ఈయన మన దేశమునకును వచ్చి, ఇచ్చటి సంగీతమును స్వయముగ విని, 1914 లో హిందూదేశపు సంగీతమును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసినవాడు.

తాపీపని కింబరు తొంబది యేండ్లకు సమీపించువఱకు జీవించి, 1961 వ సంవత్సరము డిసెంబరు 26 వ తేదీన, షార్పు తన్ను మొదట జూచిన దినమునకు సరిగా 62 సంవత్సరములకు, చనిపోయెను. హాంబ్రిడ్జి అక్కచెల్లెండ్రలో లూయీ హూపరు గూడ షార్పుకంటె ఇరువది సంవత్సరములకు పైగా బ్రదికెను. 1942 లో, రెండవ మహాయుద్ధ మధ్యమున, బి.బి.సి. వారు ఆమెను వెదకికొని వచ్చి ఆమె గళమును యంత్రములో బట్టిరి. అప్పటి కామెకు ఎనుబది దాటినది. సైకిలుమీద వచ్చి తన వాకిట కూర్చున్న ఆ పెద్దమనుష్యుని ఆమె మఱవలేదు. తల్లియొద్ద నేర్చిన పాటలనును మఱవలేదు. అడిగినంతనే పాడెను.